రెండు ఆషాఢాల గడువు

నవశిల దుర్గం నీడలో ఉన్న ఆ ఊరిని తొలిసారి చూసినవాడెవడూ అది మాంత్రికుడి ఊరంటే నమ్మడు. వీధులకు ఇరువైపులా పాలరాతి అరుగులు, అరుగుల మీద పట్టు చాందినీలు, చాందినీల కింద ముత్యాలూ కుంకుమపువ్వూ కస్తూరీ రాశులు పోసి అమ్మే వర్తకులు, ప్రతి కూడలిలోనూ తొండంతో పన్నీరు చిమ్మే చలువరాతి ఏనుగులు. మిద్దెల మీద నెమళ్లు పురివిప్పి తిరుగుతుంటాయి. ఇంత వైభవం ఉన్న ఊళ్లో పసిపిల్ల ఏడుపు వినిపించదు, ఆడమనిషి గట్టిగా నవ్వదు. తలెత్తి కొండ వైపు చూసేవాడు అసలే ఉండడు. ఆ కొండ మీది దుర్గంలోనే శిలాభైరవుడు ఉంటాడు.

నిజ ఆషాఢ బహుళ తదియనాడు, మబ్బు పట్టిన మధ్యాహ్నాన, కుందనగిరి యువరాజు వసుకేతుడు ఆ ఊళ్లోకి గాడిదను తోలుకుంటూ వచ్చాడు. మీసం గొరిగించుకుని, ముఖానికి మసి పూసుకుని, చిరుగుల పంచె కట్టి, భుజాన గాజుల మలారం వేలాడేసుకున్నాడు. గాడిదా, మలారమూ రెండూ పేరమ్మవి. పేరమ్మ ఊరూరా తిరిగి ఆడవాళ్లకు గాజులు తొడిగే ముసలమ్మ. ముందురోజు సరిహద్దు వాగులో గాడిద దిగబడిపోతే వసుకేతుడు నడుములోతు బురదలోకి దిగి దాన్ని బయటికి లాగాడు. తప్పిపోయిన గుర్రాన్ని వెతుక్కునే వర్తకుణ్ణని చెప్పుకున్నాడు. ఈ ఊళ్లోకి పరదేశిని రానివ్వరు కాబట్టి, అల్లుడని చెప్పి వెంటబెట్టుకు వెళతానని ఆమె మాట ఇచ్చింది.

యువరాజు హుషారుగా ఉన్నాడు. గడువుకి ఇంకా నెల ఉందని అతడి ధీమా. ఆ ధీమా ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబితే కుందనగిరి పండితుల పరువు కాస్త పోతుంది గానీ, చెప్పక తప్పదు.

చైత్ర బహుళ తదియనాడు నిండు సభలోకి నల్లని పొగలా దిగాడు శిలాభైరవుడు. రాజుగారి పక్కన కూర్చున్న మణిలేఖ, వసుకేతుడికి ఉన్న ఒక్కగానొక్క చెల్లెలు, ఆ పొగలో చిక్కుకుని కళ్లముందే మాయమైంది. పోతూ పోతూ మాంత్రికుడు ఒక మాట విసిరాడు. నేటికి నాలుగు మాసాలు నిండిన తిథినాడు, పొద్దు గుంకే వేళకు, రాయి పాదాల నుంచి రోజుకింత పైకి పాకి ఈ పిల్ల నిలువునా శిల అవుతుంది, చేతనైతే ఈలోగా వచ్చి తీసుకుపొమ్మన్నాడు. అతడి కోటలో ఇప్పటికే ఎనిమిది శిలలున్నాయి. తొమ్మిదోది కూడా నిలబడితే అతడికి చావు లేదని లోకమంతా చెప్పుకుంటుంది.

ఆస్థాన సిద్ధాంతి సోమయాజి అక్కడికక్కడే లెక్క వేశాడు. వైశాఖం ఒకటి, జ్యేష్ఠం రెండు. ఆ ఏట ఆషాఢాలు రెండొచ్చాయి. మొదటిది అధికమాసం. పెళ్లికి పనికిరాదు, గృహప్రవేశానికి పనికిరాదు, చంటిపిల్లకు అన్నం ముట్టించడానికైనా పనికిరాదు. అటువంటి మాసం లెక్కలోకి ఎలా వస్తుందని దాన్ని పక్కకు నెట్టేశాడు. నిజ ఆషాఢం మూడు, శ్రావణం నాలుగు, కాబట్టి శ్రావణ బహుళ తదియ గడువు అని తేల్చాడు. సభ తల ఊపింది. యువరాజూ ఊపాడు. ఊపక ఏం చేస్తాడు, పుట్టినప్పటినుంచీ అతడు చూసిన లెక్క అదే.

ఆ తర్వాత అతడు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. నాగుల లోయలో పాముల పడగల మీదుగా నడిచాడు. అగ్నిపర్వతం అంచున ఉడుములా పాకాడు. ఒంటికన్ను రాక్షసి గాఢనిద్రలో ఉండగా ఆమె జడలో పెరిగే నీలవల్లి తీగను కోసి, పసరు పిండి సొరకాయ బుర్రలో పోసుకుని బయటపడ్డాడు. శిలైన ఒంటిని మళ్లీ మాంసం చేసేది లోకంలో ఆ పసరు ఒక్కటే. ఇంత చేసినవాడు అధిక ఆషాఢం రాగానే ఒక మునిపల్లెలో ఆగిపోయాడు. ఆ మాసంలో కొత్త ప్రయాణం పెట్టుకోకూడదని మునులు చెబితే, సరేనని కాలి గాయం మాన్చుకుంటూ, ఆఖరి కాపు మామిడిపళ్లు తింటూ ఆ మాసమంతా గడిపేశాడు. ఆ రోజుల్లో అతడు హాయిగా నిద్రపోయాడు కూడా.

మళ్లీ ఊళ్లోకి వద్దాం. పేరమ్మ ఒక అరుగు మీద కూలబడి మలారంలోంచి పచ్చగాజులు ఏరుతోంది. ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటి, చిన్న బీట కూడా లేదని రూఢి చేసుకుని ఒళ్లో పెట్టుకుంటోంది. అంత జాగ్రత్తగా ఎవరి కోసమని వసుకేతుడు ఊసుపోక అడిగాడు. కొండ మీద ఒక పిల్లకు తొడగాలని, పొద్దు గూకేలోపు పని అయిపోవాలని ఆమె గొణిగింది.

"ఏ పిల్లకి, అవ్వా?"

పేరమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "కుందనగిరి రాజుగారి కూతురంట. రాయైపోయే ముందు చేతులకి పచ్చగాజులుండాలంట నాయనా. చెయ్యి మెత్తగా ఉన్నప్పుడే తొడగాలి. తరవాత ఎక్కవు."

ఇంకా శ్రావణం రాలేదు కదా, నెల గడువుంది కదా అన్నాడు వసుకేతుడు. గుర్రం వెతుక్కునే వర్తకుడికి ఆ గడువు సంగతి తెలియకూడదని కూడా చూసుకోలేదు. పేరమ్మ మాత్రం పసిగట్టింది.

"నేనూ అట్టాగే అనుకున్నా. ఆ పిల్లని తెచ్చినప్పుడు నన్ను పిలిచి చేతి కొలత తీసుకోమన్నారు. నాలుగు మాసాలకి రమ్మన్నారు. అధికమాసాన గాజులెవరు తొడిగించుకుంటారని దాన్ని వదిలేసి లెక్కేసుకున్నా. మొన్న భటుడొచ్చి తిట్టిపోశాడు. దొర తపస్సుకి కూర్చునేదే అధికమాసంలో, మీరు వదిలేసే మాసమే ఆయనకి పెద్ద మాసం, దాన్ని ఎవత్తివే తీసెయ్యడానికి అన్నాడు. ఈ పూటే నాయనా."

వసుకేతుడు లెక్క మళ్లీ మొదలుపెట్టాడు. చైత్రం నుంచి వైశాఖానికి ఒకటి, జ్యేష్ఠానికి రెండు, అధికానికి మూడు, ఈ ఆషాఢానికి నాలుగు. ఎటు తిప్పి కూడినా ఈ రోజు దగ్గరికే వచ్చి ఆగుతోంది. తాను మునిపల్లెలో మామిడిపళ్లు తింటున్న ప్రతి పూటా చెల్లెలి ఒంట్లో రాయి పైకి పాకుతూ ఉందన్నమాట. రాక్షసి జడలో చెయ్యి పెట్టినప్పుడు కూడా అతడికి ఇంత భయం వెయ్యలేదు. మబ్బుల వెనక పొద్దు ఎంతవరకు వాలిందో తెలియడం లేదు.

ఇక దాచి లాభం లేదని తానెవరో చెప్పేశాడు. ఆమె కేకవేస్తే అతడి తల అక్కడే తెగుతుంది. పేరమ్మ కేక వెయ్యలేదు. పచ్చగాజులు కొంగులో మూటగట్టుకుని లేచి నిలబడింది.

"ఎనిమిది మందికి తొడిగాను నాయనా. తొడిగిన ప్రతిసారీ ఇంటికెళ్లి అన్నం తిన్నాను. అల్లుడివని చెప్పాను కదా, అల్లుడివిగానే రా. నోరు మాత్రం తెరవకు."

కొండ మెట్లు ఎక్కడం మొదలుపెట్టారు. మెట్లకు రెండు పక్కలా స్తంభాలు, ప్రతి స్తంభం మీదా రాతి గద్ద, ఏ గద్ద పక్కగా నడిస్తే దాని మెడ వాళ్ల వైపు తిరుగుతోంది. కొన్ని మెట్లు కాలు పెట్టగానే కిందికి కుంగి, ఎక్కడో లోతున గంట మోగుతోంది. వసుకేతుడికి పరుగెత్తాలని ఉంది. పేరమ్మ ముసలి నడకకు తగ్గట్టు కాళ్లు బిగబట్టుకుని నడవాల్సి వచ్చింది. ఒక మలుపులో గాడిద మొండికేసి నిలబడిపోతే దాన్ని అక్కడే వదిలేసి మలారం తానే మోశాడు.

కోటవాకిట్లో కాపలా భటుల పెద్ద, దళవాయి, అడ్డం నిలబడ్డాడు. అతడు పేరమ్మను ఎరుగును. అల్లుణ్ణి మాత్రం ఎగాదిగా చూసి, చటుక్కున చెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పాడు. గాజులమ్మేవాడి చేతికి కత్తి పట్టినవాడి కాయలెందుకున్నాయని అడిగాడు. గాజుల బట్టీలో కట్టెలు కొట్టేవాడని పేరమ్మ తడుముకోకుండా చెప్పింది. దళవాయికి నమ్మకం కుదరలేదు. వంటశాలలోంచి ఒక దాసీని పిలిపించి, నిజంగా గాజులవాడివైతే ఈమె చేతికి తొడిగి చూపించమన్నాడు.

కత్తియుద్ధంలో కుందనగిరిలో తనకు సాటిలేని వాడు ఆ దాసీ చేతిని పట్టుకుని బిక్కచచ్చిపోయాడు. బొటనవేలి దగ్గర ఎముకను లోపలికి నొక్కి గాజును ఒడుపుగా తిప్పాలన్న సంగతి అతడికేం తెలుసు. మొదటి గాజు పిడికిట్లోనే పుటుక్కుమంది. రెండోది ముంజేతి దాకా వెళ్లి చిట్లి, దాసీ చేతిమీద నెత్తురు చిమ్మింది. దళవాయి చెయ్యి ఒరమీదికి పోయింది.

పేరమ్మ ముందుకొచ్చి వసుకేతుడి నెత్తిన ఠపీమని మొట్టింది. ఈ చేతకాని సన్నాసికి పిల్లనిచ్చి తన కూతురి గొంతు కోశానని, గాడిదను తోలడానికి తప్ప దేనికీ కొరగాడని, అన్నం మాత్రం ముగ్గురి కూడు తింటాడని ఎత్తుకుంది. కుందనగిరి సింహాసనానికి వారసుడు తలవంచుకుని చివాట్లన్నీ తిన్నాడు. ఆ చివాట్లకు దళవాయి పెదవి కొసన చిన్న నవ్వు వచ్చింది. వసుకేతుడి ప్రాణం కాస్త కుదుటపడేలోపే దళవాయి చూపు అతడి నడుముకు వేలాడుతున్న సొరకాయ బుర్ర మీద పడింది.

అందులో ఏముందని అడిగాడు. గాజులు జారడానికి ఆముదమని పేరమ్మ చెప్పింది. అయితే జారుతుందో లేదో చూద్దామని దళవాయి బుర్ర లాక్కుని మూత తీసి దాసీ చేతిమీద ధారగా పోశాడు. లోకంలో మరెక్కడా దొరకని పసరు ఆమె మోచేతి నుంచి కారి నేలమీద పడుతుంటే వసుకేతుడు పళ్లు బిగించి చూస్తూ నిలబడ్డాడు. ఒక్క అడుగు వేస్తే చాలు, బుర్ర లాక్కోవచ్చు. ఆ అడుగు వేస్తే మణిలేఖ దాకా చేరడం కల్ల. పేరమ్మ గబగబా మూడు గాజులు ఎక్కించి చూపించింది. తృప్తి కలిగాక దళవాయి బుర్రను తిరిగి విసిరాడు. ఊపి చూసుకుంటే అడుగున కొంచెం గలగలమంది.

లోపలి మండపం తలుపులు తెరుచుకున్నాయి. నల్లరాతి నేల అద్దంలా మెరుస్తోంది. పైకప్పునంతా నీలాలు పొదిగి నక్షత్రాలు కూర్చారు. ధూపం వాసన గొంతుకు అడ్డం పడుతోంది. రెండు వరసల్లో ఎనిమిది మంది ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. ఒకామె చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టే ఉండిపోయింది. మరొకామె నోరు సగం తెరుచుకుని ఉంది. అందరి చేతులకూ పచ్చగాజులున్నాయి, అవి మాత్రం రాళ్లు కాలేదు. ఆ చివర పడమటి కిటికీకి ఎదురుగా, పులిచర్మం పరిచిన పీఠం మీద శిలాభైరవుడు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. పొద్దు పూర్తిగా గుంకేదాకా అతడు పీఠం దిగకూడదని, దిగితే మంత్రం చెడుతుందని పేరమ్మ మెట్ల మీదే చెప్పింది. ఆ ఒక్క మాట మీదే వాళ్ల ఆశంతా ఉంది.

మణిలేఖ ఎదురుగా కనిపించింది. రాయి రొమ్ముదాకా వచ్చేసింది. మసి పూసిన ముఖంలోనూ ఆమె అన్నను గుర్తుపట్టింది. పెదవి విప్పబోతే వసుకేతుడు కళ్లతోనే వారించాడు. పేరమ్మ ఆమె చెయ్యి అందుకుని ఎప్పటిలాగే ఊళ్లో కబుర్లు చెబుతూ గాజు తొడగసాగింది. వసుకేతుడు మోకాళ్ల మీద కూర్చుని పసరు అరచేతిలో పోసుకుని చెల్లెలి పాదాలకు రుద్దాడు.

కాలివేళ్లు కదిలాయి. పిక్కలు మెత్తబడ్డాయి. కింద రాయి కరుగుతుంటే పైన మరింత తొందరగా పాకుతోంది. పేరమ్మ నాలుగో గాజు ఎక్కిస్తుండగా ఆ చెయ్యి ఆమె చేతుల్లోనే గట్టిపడిపోయింది. కబుర్లు ఆగిపోయాయి. మబ్బుల అడుగునుంచి ఒక్కసారి ఎర్రని వెలుగు కిటికీలోకి వచ్చింది. వసుకేతుడు లేచి నడుమూ భుజాలూ రుద్దాడు. రాయి గొంతు దాటింది, పెదవులు దాటింది, చెవులు దాటింది. మణిలేఖ కళ్లు మాత్రం మిగిలి అతణ్ణే చూస్తున్నాయి. ఇంకొంచెం ఆలస్యమైతే ఆ చూపు ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. బుర్రను తలకిందులు చేసి, ఆఖరి చుక్కలు వేళ్లతో తుడిచి, గొంతుకూ పెదవులకూ రాశాడు. పసరు అయిపోయింది.

అప్పుడు శిలాభైరవుడు కళ్లు తెరవకుండానే మాట్లాడాడు. గొంతులో కోపం లేదు.

"రాయి ఎక్కడికీ పోదు వసుకేతూ. ఒకరి ఒంట్లోంచి దించితే, దించినవాడి ఒంట్లోకి ఎక్కుతుంది. తొమ్మిదోది ఆడపిల్లే కావాలని నేనెప్పుడూ అనలేదు. నీకూ అదే గడువు, నేటికి నాలుగు మాసాలు. ఈసారి లెక్క సరిగ్గా వేసుకో."

వసుకేతుడు ఎడమకాలి బొటనవేలు కదపబోయాడు. కదల్లేదు. చూస్తుండగానే ఆ చలి మడమ దాకా పాకి అక్కడ ఆగింది. భయంతో వచ్చిన కేకను బయటికి రానివ్వలేదు. సరిగ్గా అప్పుడే మణిలేఖ చెవుల మీది రాయి పొడిగా రాలింది. మాంత్రికుడి మాట ఆమె చెవిన పడలేదు. దీర్ఘంగా ఊపిరి పీల్చుకుని అన్న మెడ చుట్టూ చేతులు వేసింది. తొడిగిన గాజులు గలగలమన్నాయి.

చెల్లెలికి చెప్పకూడదు, ఇంటికి చేరేదాకానైనా చెప్పకూడదు అనుకున్నాడు వసుకేతుడు. మాంత్రికుడు పీఠం దిగేలోపు కొండ దిగాలి. పేరమ్మ వాళ్లిద్దర్నీ రెక్క పట్టుకుని దళవాయి లేని వెనకదారి వైపు లాక్కుపోయింది. వంటశాల పక్కన ఇరుకు సొరంగం, సొరంగంలో కాళ్లకు చుట్టుకునే జెర్రులు, ముఖాన కొట్టుకునే గబ్బిలాలు. మణిలేఖ ముందు పరుగెడుతోంది. వసుకేతుడు కుంటుతూ వెనకే వస్తూ, చెల్లెలు వెనక్కి తిరిగినప్పుడల్లా పాత గాయం నొప్పి అని బొంకాడు.

సొరంగం చివర ఇనుప తలుపు. దాని ముందు కొండంత భూతం ఒకటి పడుకుని ఉంది. దానికి కళ్లూ చెవులూ లేవు, ముఖమంతా ఒక్కటే ముక్కు. కోటలో పనిచేసేవాళ్లు రోజూ ఈ తలుపులోంచే పోతారని పేరమ్మ గుసగుసగా చెప్పింది. భయపడేవాళ్లను అది వదిలేస్తుంది. ఈ కోటనుంచి సంతోషంగా వెళ్లేవాడంటే తప్పించుకుపోయేవాడే కాబట్టి, భయం వాసన లేనివాణ్ణి అక్కడికక్కడే నమిలేస్తుంది.

భూతం పేరమ్మను మూచూసి ముక్కు తిప్పుకుంది. వసుకేతుణ్ణి పాదాల నుంచి తలదాకా మూచూసి వదిలేసింది. మణిలేఖ దగ్గరకొచ్చి ఆగిపోయింది. ముక్కుపుటాలు బావిగట్లంత విచ్చుకున్నాయి. దవడలు తెరుచుకోసాగాయి. భయపడు తల్లీ, ఏదైనా తలచుకుని భయపడు అని పేరమ్మ బతిమాలింది.

"నాలుగు మాసాలు భయపడ్డాను అవ్వా. ఇక నాలో లేదు," అంది మణిలేఖ. ఆమె ముఖంలో నవ్వు ఇంకా పోలేదు. "అన్నయ్య వచ్చాడు కదా."

భూతం ఊపిరికి ఆమె జుట్టు వెనక్కి ఎగురుతోంది. కత్తి దుయ్యడానికి వసుకేతుడి దగ్గర కత్తి లేదు. చెప్పకూడదనుకున్నది ఒక్కటే అతడి దగ్గర ఉంది. చెల్లెలి చెయ్యి పట్టుకుని కిందికి వంచి, ఆమె అరచేతిని తన ఎడమ పాదం మీద పెట్టాడు.

ఆ చలి ఎటువంటిదో మణిలేఖకన్నా బాగా తెలిసినవాళ్లు లోకంలో లేరు. చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది. వేళ్లు పాదం మీదుగా మడమ దాకా తడిమి, మెత్తటి చర్మం తగిలినచోట ఆగిపోయాయి. ముఖంలో నవ్వు పోయింది, నెత్తురూ పోయింది. భూతం తృప్తిగా మూలిగి పక్కకు ఒరిగింది. ఇనుప తలుపు కిర్రుమని తెరుచుకుంది.

పైన మండపంలో పీఠం దిగిన అడుగుల చప్పుడు వినిపించింది. మణిలేఖ అన్న చంకలో భుజం పెట్టి అతణ్ణి లేపింది.

"ఎన్ని మాసాలు?" అని అడిగింది.

"నాలుగు."

"ఎవరి లెక్కలో?" అంది మణిలేఖ. అతడు జవాబు చెప్పేలోపే పేరమ్మ వెనకే చీకటి మెట్ల మీదికి లాక్కుపోయింది. ఒక్కొక్క మెట్టుకూ వసుకేతుడి కుడికాలు చప్పుడు లేకుండా దిగుతోంది, ఎడమకాలు రాయి మీద రాయి పడినట్టు మోగుతోంది.